చెరువులో రొయ్యలు ఎన్ని? ఆడిట్ రీసెర్చ్ ఎక్కడిదాకా వచ్చింది

మార్చి 31 రాత్రికి చేతిలో ఎంత సరుకుందో ప్రతి వ్యాపారం లెక్క చెప్పాలి. బట్టల షాపైతే తానులు లెక్కపెట్టుకుంటారు, రైస్ మిల్లయితే బస్తాలు. మరి నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు పక్కనో, ప్రకాశంలో కొత్తపట్నం, సింగరాయకొండ పక్కనో చెరువులున్న సంస్థ ఎట్టా చెప్పాలి? సరుకు నీళ్ల కింద ఉంది, రోజూ పెరగతా ఉంది, రోజూ కొంత చస్తా కూడా ఉంది. సీజన్ మొదట్లో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన చెరువులు ఆ తేదీకి సరిగ్గా పంట మధ్యలో ఉంటాయి, అంటే పట్టి తూకం వేసే అవకాశం లేదు, అట్టని సున్నా అని రాయడానికీ లేదు.

ఈ ప్రశ్న మన ఏరియాకి మాత్రమే సంబంధించింది అనుకోవద్దు, ఇప్పుడు ఆడిటింగ్ మీద యూనివర్సిటీల్లో జరగతా ఉన్న రీసెర్చ్ మొత్తం తిరిగి తిరిగి వచ్చేది ఈ చోటికే. పుస్తకంలో ఉన్న అంకెని బయట ఉన్న వస్తువుతో కలిపేది ఎవరు, ఎట్టా కలుపుతారు అనేదే అసలు విషయం. ఏఐ, డ్రోన్, బ్లాక్‌చెయిన్ (ఒకసారి రాస్తే మార్చలేని డిజిటల్ రికార్డు) అని పేర్లు చాలా వినపడతా ఉన్నాయి గానీ వాటిలో ఎక్కువ భాగం పుస్తకం లోపల అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చేవే. పుస్తకం దాటి బయటికి వచ్చి చూసేవి తక్కువ, పనికొచ్చేది మాత్రం ఎక్కువగా అవే.

ముందు చెరువు అంకె ఎట్టా తయారవుతుందో చూస్తే మిగతాది అర్థమవుతుంది. గట్టు మీద నుంచో, తెప్ప మీద నుంచో విసురు వల వేస్తారు, నాలుగైదు చోట్ల. పడిన రొయ్యల్ని బకెట్‌లో వేసి తూకం పెట్టి, లెక్కపెట్టి, ఒక్కోటి సగటున ఎన్ని గ్రాములుందో తీస్తారు. 10 గ్రాములుంటే కేజీకి 100 తూగుతాయి, దాన్నే 100 కౌంట్ అంటారు. 20 గ్రాములైతే 50 కౌంట్. రేటు నడిచేదంతా ఈ కౌంట్ మీదే. బరువు వరకు ఈ శాంపిల్ ఒక మాదిరిగా సరిపోతుంది, కానీ ఎన్ని బతికున్నాయి అనేదానికి వల చెప్పే సమాధానం నమ్మేది కాదు. రొయ్యలు చెరువంతా సమానంగా పరుచుకుని ఉండవు, మేత పడే చోట, ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపే యంత్రం) నీళ్లు తిప్పే చోట ఎక్కువ ఉంటాయి, ఎండ పడితే అడుక్కి పోతాయి, పొర విడిచే రోజుల్లో కదలకుండా పడి ఉంటాయి. వల ఎక్కడ వేశాం, ఎన్ని గంటలకి వేశాం అనేదాన్ని బట్టి సర్వైవల్, అంటే వేసిన వాటిలో బతికున్నవి, 60 శాతమూ రావచ్చు, 90 శాతమూ రావచ్చు. ఇక సూపర్‌వైజర్ చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం) మిగిలిన మేత చూసి, అనుభవం కొద్దీ ఒక పర్సెంటేజ్ చెప్తాడు, అది ఎక్సెల్‌లోకి పోతుంది, ఎక్సెల్ నుంచి బ్యాలెన్స్ షీట్‌లోకి. దశాంశాలతో సహా ప్రింట్ అయ్యి చాలా నిక్కచ్చిగా కనపడుతుంది.

పెద్ద కంపెనీలకి ఇంకో మెట్టు ఉంది. ఇండ్ ఏఎస్ 41 అనే స్టాండర్డ్ ప్రకారం బతికున్న జీవాల్ని ఖరీదుకి కాకుండా ఫెయిర్ వాల్యూలో, అంటే ఆ రోజు మార్కెట్లో పలికే విలువలో, అమ్మకం ఖర్చులు తీసేసి చూపించాలి, విలువ మారితే ఆ తేడా నేరుగా లాభనష్టాల్లోకి వస్తుంది. అంటే సర్వైవల్ పర్సెంటేజ్ పది పాయింట్లు పెంచి రాస్తే ఒక్క రొయ్య అమ్మకుండానే లాభం వచ్చేస్తుంది. ఇండ్ ఏఎస్ అనేది లిస్టెడ్ కంపెనీలకీ, నెట్‌వర్త్ 250 కోట్లు దాటిన వాటికీ వర్తించేది, మన దగ్గర చెరువులు చేసే వాళ్లలో నూటికి తొంభై మందికి దాంతో పనే లేదు. అయినా సమస్య పోదు, ఎందుకంటే బ్యాంక్ లోన్ ఉన్న వాళ్లందరూ స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిందే. దాని సంగతి తర్వాత.

సరుకుని కళ్లతో చూడాలి అనే రూల్ మొదటినుంచీ ఉన్నది కాదు, అది కూడా ఒక మోసం తర్వాతే వచ్చింది. 1938లో అమెరికాలో మెక్‌కెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ మోసం బయటపడింది. 8.7 కోట్ల డాలర్ల ఆస్తుల్లో దాదాపు 1.9 కోట్లు లేనే లేవు, గోడౌన్లలో ఉన్నాయని చెప్పిన ముడి మందులు, రావాల్సిన బాకీలు రెండూ కాగితాల మీద పుట్టినవే. ఆడిటర్లు కాగితాలు చూశారు, అవి బాగానే ఉన్నాయి, గోడౌన్‌కి పోలేదు, ఆ రోజుల్లో పోవాలని ఎవరూ అడగలేదు. 1939 నుంచి స్టాక్ లెక్కింపు దగ్గర ఆడిటర్ ఉండాలి, బాకీదారులకి నేరుగా ఉత్తరం రాయాలి అనే పద్ధతి మొదలైంది. మన దగ్గర ఇప్పుడు ఎస్ఏ 501, ఎస్ఏ 505 అని ఉన్న ఆడిటింగ్ స్టాండర్డ్‌ల మూలం అదే.

కానీ పోయి చూసినా కనపడని సరుకైతే? దీనికి చైనాలో డాలియన్ పక్కన జాంగ్జీడావో అనే కంపెనీ కేసు చదవాల్సిందే, రొయ్యల వాళ్లయితే తప్పకుండా. వాళ్లది స్కాలప్స్ పెంపకం, మన ఆల్చిప్పల్లాంటివి, సముద్రం అడుగున చల్లి రెండు మూడేళ్ల తర్వాత పట్టుకుంటారు. 2014లో చల్లటి నీళ్లు వచ్చి స్కాలప్స్ పోయాయని వందల మిలియన్ల యువాన్లు రద్దు చేశారు. 2018లో మళ్లీ, ఈసారి మేత దొరక్క చనిపోయాయని చెప్పారు. స్కాలప్స్ పారిపోయాయని జనం జోకులేసుకున్నారు. సముద్రం అడుగుకి పోయి లెక్కపెట్టలేరు కాబట్టి కాదని చెప్పే ఆధారం ఎవరి దగ్గరా లేదు. చివరికి అక్కడి సెక్యూరిటీస్ రెగ్యులేటర్ చేసిందేందంటే స్కాలప్స్ జోలికి పోకుండా పడవల జోలికి పోయింది. కంపెనీ బోట్లలో ఉన్న బెయిడౌ (జీపీఎస్ లాంటి చైనా వ్యవస్థ) శాటిలైట్ పొజిషన్ డేటా తెప్పించి, ఏ రోజు ఏ బోటు ఎక్కడ తిరిగిందో మ్యాప్ గీయించింది. పట్టామని రాసిన ఏరియా, బోట్లు నిజంగా తిరిగిన ఏరియా కలవలేదు, సర్వే చేశామన్న పాయింట్లలో కొన్నిటికి బోటే పోలేదు. 2020లో జరిమానాలు పడ్డాయి.

ఇక్కడ గమనించాల్సింది శాటిలైట్ గొప్పతనం కాదు. బోటు పొజిషన్ అనేది అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ తయారుచేసే అంకె కాదు, వేరే పని కోసం వేరే దారిలో పుట్టి పక్కన పడి ఉన్న అంకె. స్టాక్ నంబర్ దిద్దే వాడికి దాన్ని కూడా దిద్దాలనే ఆలోచన రాదు, వచ్చినా చేతికి అందదు.

డ్రోన్ల మీద మంచి స్టడీ ఒకటి 2021లో రివ్యూ ఆఫ్ అకౌంటింగ్ స్టడీస్‌లో వచ్చింది. క్రైస్ట్, ఎమెట్, సమ్మర్స్, వుడ్ అనే నలుగురు, పెద్ద మేత భూముల్లో పశువుల లెక్కింపు మామూలు పద్ధతిలో చేస్తే ఎంత టైమ్ పడుతుంది, డ్రోన్ ఫొటోల మీద సాఫ్ట్‌వేర్‌తో లెక్కపెడితే ఎంత అని చూశారు. 681 గంటల పని 19 గంటలకి దిగింది, తప్పులు 0.15 శాతం నుంచి 0.03 శాతానికి తగ్గాయి. ఈ అంకెలు చూసి ఇక లెక్కింపు సమస్య తీరిపోయింది అనుకునే వాళ్లున్నారు. పైనుంచి కనపడే సరుకుకి తీరిపోయిందేమో. మన దగ్గర దానికి సరిపోయేది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు యార్డులో బయటే పడి ఉంటాయి, ఒక్కోదాని మీద నంబర్ వేసి ఉంటుంది, డ్రోన్ ఫొటోలతో క్వారీ గుంత కొలత తీసి ఈ ఏడు ఎన్ని క్యూబిక్ మీటర్లు తవ్వారో లెక్కకట్టొచ్చు, దాన్ని రాయల్టీ కట్టిన పరిమాణంతో, బయటికి పోయిన బ్లాకులతో పక్కపక్కన పెట్టొచ్చు. అందులోనూ మెలిక ఉంది, తవ్విన రాయిలో అమ్మకానికి పనికొచ్చేది కొంతే, మిగతాది వేస్ట్ డంప్‌కి పోతుంది, ఏది బ్లాకు ఏది వేస్ట్ అనేది డ్రోన్ చెప్పదు. అయినా చెరువు కన్నా క్వారీ నయం. చెరువు పైన డ్రోన్ ఎగరేస్తే కనపడేది నీళ్లూ, ఏరేటర్ల నురగా.

చెరువుకి పనిచేసేది ఇంకో దారి, మన రైతులకి కొత్తది కూడా కాదు. మేత. ఊహకి ఒక చెరువు తీసుకుందాం, లక్ష సీడ్ వేశారు, మార్చి 31కి సగటు బరువు 10 గ్రాములు, అప్పటిదాకా 25 కేజీల మేత బస్తాలు 40 వాడారు, అంటే వెయ్యి కేజీలు. సర్వైవల్ 85 శాతం అని పుస్తకంలో ఉంటే చెరువులో ఉన్నది 850 కేజీలు, కేజీ రొయ్యకి పట్టిన మేత 1.18 కేజీలు. దీన్నే ఎఫ్‌సీఆర్ అంటారు, ఇది నమ్మదగ్గ అంకె. నిజంగా 60 శాతమే బతికుంటే 600 కేజీలు, ఎఫ్‌సీఆర్ 1.67, అంటే చెరువులో రోగమన్నా తగిలింది, మేతన్నా వృథా అయింది. ఇప్పుడు స్టాక్ స్టేట్‌మెంట్‌లో 1,100 కేజీలు అని రాశారనుకుందాం. ఎఫ్‌సీఆర్ 0.91. అసాధ్యం అని చెప్పలేం, మొదట్లో రొయ్య పిల్లలు నీళ్లలో దొరికే ప్లాంక్టన్ తింటాయి కాబట్టి ఎఫ్‌సీఆర్ తక్కువే వస్తుంది. కానీ 1,100 కేజీలు 10 గ్రాముల లెక్కన 1,10,000 రొయ్యలు అవుతాయి, వేసింది లక్ష. దానికీ జవాబు తయారుగా ఉంటుంది, హేచరీ (రొయ్య పిల్లల్ని పుట్టించి అమ్మే చోటు) వాళ్లు బిల్లులో రాసిన దానికన్నా కొంత బోనస్ సీడ్ ఇస్తారు కదా అని, అదీ నిజమే. అందుకే సీడ్ బిల్లు ఒక్కటే పట్టుకుంటే దొరకదు, మేత బిల్లు ఒక్కటే పట్టుకున్నా దొరకదు. రెండూ కలిపి, పక్క చెరువుల ఎఫ్‌సీఆర్‌తో పోల్చి, అదే సంస్థ పోయిన పంటలో పట్టుబడి చేసినప్పుడు నిజంగా తూగిన బరువుతో పోల్చితే అప్పుడు ఏ చెరువు దగ్గర ఆగి అడగాలో తెలుస్తుంది.

ఈ ఆలోచనకి రీసెర్చ్‌లో గట్టి మద్దతే ఉంది. బ్రేజెల్, జోన్స్, జింబెల్‌మన్ 2009లో జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ రీసెర్చ్‌లో చూపించింది ఇదే. మోసం చేసిన కంపెనీల్లో అమ్మకాలు పెరిగినంతగా ఉద్యోగులు, షాపుల సంఖ్య, గోడౌన్ స్థలం లాంటివి పెరగలేదు, రెండిటి మధ్య ఆ ఎడం అదే రంగంలో ఉన్న నిజాయితీ కంపెనీల్లో కన్నా చాలా ఎక్కువ. మనవాళ్లు కరెంటు బిల్లు చూసి మిల్లు ఎంత ఆడిందో చెప్పేస్తారు చూడండి, అదే పని, కాకపోతే స్టాటిస్టిక్స్ వేసి రుజువు చేశారు.

ఇప్పుడు బ్యాంక్ సంగతి. వర్కింగ్ క్యాపిటల్ లోన్ ఉన్న ప్రతి మిల్లూ, కోల్డ్ స్టోరేజీ, గ్రానైట్ యూనిట్, రొయ్యల ప్లాంటూ నెల నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, దాన్ని బట్టే డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెల ఎంతవరకు డబ్బు తీసుకోవచ్చు అనేది, వస్తుంది. నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క ఆఫీసుల్లో అయినా ఒంగోలులో అయినా అకౌంటెంట్లకి తెలిసిన సంగతే, చాలా చోట్ల ఆ కాగితం స్టాక్ నుంచి పుట్టదు, కావాల్సిన లిమిట్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటే పుడుతుంది. పోయిన నెల ఫైల్ ఓపెన్ చేసి, తేదీ మార్చి, అంకె కొంచెం అటూ ఇటూ కదిపితే అయిపోయింది. ఇన్నాళ్లూ ఆ స్టేట్‌మెంట్ బ్యాంక్ ఫైల్లో, బ్యాలెన్స్ షీట్ కంపెనీ ఫైల్లో, రెండూ ఎప్పుడూ ఎదురుపడేవి కావు. కారో 2020 (ఆడిటర్ రిపోర్టులో ఏమేం చెప్పాలో పెట్టిన కేంద్ర ప్రభుత్వ ఆర్డర్) వచ్చాక, అది వర్తించే కంపెనీల్లో, స్టాక్, బాకీల్లాంటి కరెంట్ అసెట్స్ మీద 5 కోట్లకి మించి లిమిట్ ఉంటే బ్యాంక్‌కి ఇచ్చిన క్వార్టర్లీ స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలుస్తున్నాయా లేదా అని ఆడిటర్ రిపోర్టులో రాయాలి. టెక్నాలజీ ఏమీ లేదు ఇందులో, ఒకే మనిషి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడటమే. ఏఐ గురించి జరిగే చర్చలో పదో వంతు కూడా ఈ క్లాజ్ మీద జరగలేదు, ప్రభావం చూస్తే ఇదే ఎక్కువ అనిపిస్తుంది. పార్ట్‌నర్‌షిప్‌లకి, సొంత పేరు మీద నడిచే వ్యాపారాలకి మాత్రం ఇది రాదు, కంపెనీలకే.

బయటి నుంచి వచ్చే ఆధారం అన్నంత మాత్రాన అది బయటిదే అని కాదు, హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కేసు నేర్పింది అదే. 2009 జనవరి 7న దాని చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం ప్రకారం చూపించిన నగదు, బ్యాంక్ నిల్వలు 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు లేనివి. బ్యాంక్ కన్ఫర్మేషన్ లెటర్లు (ఇంత నిల్వ ఉందని బ్యాంక్ ఇచ్చే ఉత్తరాలు) లేక కాదు, ఉన్నాయి. 2011లో అమెరికా షేర్ మార్కెట్ రెగ్యులేటర్ ఎస్‌ఈసీ తేల్చిందేందంటే ఆడిటర్లు ఆ లెటర్లు పంపడం, తెప్పించుకోవడం తమ చేతుల్లో పెట్టుకోకుండా కంపెనీకే వదిలేశారని. ఎవరి మీద సాక్ష్యం కావాలో వాళ్ల చేత్తోనే సాక్ష్యం తెప్పించుకున్నట్టు. ఇప్పుడు కన్ఫర్మేషన్లు ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌ల మీద బ్యాంక్ నుంచి నేరుగా ఆడిటర్‌కి వస్తా ఉన్నాయి, అకౌంటింగ్ టెక్నాలజీలో పెద్దగా చప్పుడు చేయకుండా నిజంగా పనికొచ్చిన మార్పుల్లో ఇదొకటి.

ఇక పుస్తకం లోపల వెతికే పద్ధతులకి వద్దాం, ఎక్కువ పేపర్లు వచ్చేది వీటి మీదే. బెన్‌ఫర్డ్ లా చాలామంది వినే ఉంటారు, సహజంగా పుట్టిన అంకెల గుట్టలో మొదటి అంకె 1 అయ్యే అవకాశం 30.1 శాతం, 9 అయ్యేది 4.6 శాతమే. మనిషి కూర్చుని కల్పించిన అంకెలు ఈ వరసలో రావు అనేది దాని మీద ఆధారపడిన టెస్ట్. మన వోచర్ల మీద దీన్ని అట్టానే తెచ్చి వేస్తే నవ్వొస్తుంది. ఒక మనిషికి ఒక రోజులో పది వేలు దాటి క్యాష్ ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఆ ఖర్చు ఒప్పుకోరు, లారీ బాడుగల్లాంటి వాటికి తప్ప, అందుకని హమాలీ ఖర్చు, చెరువు పట్టే బ్యాచ్‌కి కూలి, ఐస్ ఖర్చు అన్నీ 9,500, 9,800, 9,900 దగ్గర గుంపుగా కనపడతాయి. సాఫ్ట్‌వేర్‌కి తొమ్మిదులు పోగైనట్టు కనపడి ఎర్ర జెండా ఊపుతుంది. అందులో కొన్ని నిజంగా ముప్పై వేల బిల్లుని మూడు ముక్కలు చేసినవి ఉంటాయి, కొన్ని మామూలు కూలి డబ్బులు. టెస్ట్ చెప్పింది అబద్ధం కాదు, కానీ అది పట్టుకుంది మోసాన్ని కాదు, ట్యాక్స్ రూల్ వేసిన ముద్రని.

మెషీన్ లెర్నింగ్‌తో మోసం పట్టే మోడళ్ల మీద 2020లో జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ రీసెర్చ్‌లో బావో, ఆయన తోటి రీసెర్చర్ల పేపర్ పెద్ద చర్చే లేపింది. రేషియోలు కట్టకుండా ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లలోని 28 పచ్చి అంకెల్ని నేరుగా అల్గారిథమ్‌కి ఇస్తే, పాత మోడళ్ల కన్నా బాగా పట్టిందని చెప్పారు. తర్వాత దాని మీద విమర్శలూ వచ్చాయి, ఒకే కంపెనీ వరసగా కొన్నేళ్లు చేసిన మోసాన్ని డేటాలో ఎట్టా చూసుకోవాలి అని. ఆ గొడవ పక్కన పెట్టి మామూలు లెక్క ఒకటి చూద్దాం. వెయ్యి సంస్థలున్నాయి, పది మోసం చేశాయి అనుకోండి. మోడల్ చాలా మంచిది, పదిలో ఎనిమిదిని పట్టుకుంటుంది, మంచివాళ్లలో 5 శాతం మందినే పొరపాటున అనుమానిస్తుంది. 990లో 5 శాతం అంటే దాదాపు 50. మొత్తం లిస్టులో 58 పేర్లు, అందులో దొంగలు ఎనిమిది మందే. చెత్త మోడల్ అని కాదు, మోసం అరుదైన చోట ఎంత మంచి మోడల్ అయినా ఇట్టానే ఉంటుంది. ఆ 58 మంది దగ్గరికీ పోయి చూసే ఓపిక, మనుషులు, ఫీజు ఉన్నాయా అన్నదే ప్రశ్న, మన టౌన్లలో ఆడిట్ ఫీజులు తెలిసిన వాళ్లకి సమాధానం తెలుసు.

దీనికన్నా లోతైన చిక్కు ఇంకోటి ఉంది. మోడల్ నేర్చుకునేది దొరికిపోయిన మోసాల నుంచి. దొరకనివి దాని కంటికి నిజాయితీ కంపెనీలే. ఎన్ని దొరకట్లేదు? డైక్, మోర్స్, జింగాలెస్ దీనికి తెలివైన దారి వెతికారు. అమెరికాలో ఎన్‌రాన్ కంపెనీ మోసం దెబ్బకి దాని ఆడిట్ సంస్థ ఆర్థర్ ఆండర్సన్ కూలిపోయినప్పుడు ఆ ఆడిట్ సంస్థ క్లయింట్లందర్నీ కొత్త ఆడిటర్లు, రెగ్యులేటర్లు, పత్రికలు భూతద్దం పెట్టి చూశారు, మామూలు రోజుల్లో బయటపడని వాటిలో ఎన్ని అప్పుడు బయటపడ్డాయో లెక్కగట్టి, మామూలుగా మూడింట ఒకటే దొరుకుతుంది అని తేల్చారు. అంటే నిజంగా మోసం చేసిన వాటిలో మూడింట రెండు వంతులకి, మోడల్‌కి పాఠం చెప్పే పుస్తకంలో నిజాయితీ అనే తప్పు సమాధానమే ఉంటుంది. అదీ ఎట్టా దొరుకుతున్నాయి అంటే, సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ల సంఘం 2024 రిపోర్టులో 43 శాతం ఎవరో చెవిలో వేయడం వల్ల, బయటి ఆడిట్ వల్ల 3 శాతం. చెరువు దగ్గర కాపలా ఉండే మనిషికి, ప్లాంటులో గ్రేడింగ్ చేసే అమ్మాయికి తెలిసింది అల్గారిథమ్‌కి ఇంకా తెలీదు.

ఆడిట్ ట్రయల్ గురించి చిన్న మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి, ఎంట్రీ ఎవరు, ఎప్పుడు మార్చారో తుడిచేయడానికి ఉండదు, ఆ లాగ్ ఏడాదంతా ఆన్‌లో ఉందో లేదో ఆడిటర్ చెప్పాలి. సెప్టెంబర్‌లో కూర్చుని మార్చి వోచర్లు రాసుకునే అలవాటుకి ఇది దెబ్బే, మంచిదే. కానీ 850 బదులు 1,100 అని మొదటిసారే టైప్ చేస్తే లాగ్‌లో ఒక్క మచ్చా ఉండదు. బ్లాక్‌చెయిన్‌కీ ఇదే వర్తిస్తుంది, పదేళ్లుగా దాని మీద పేపర్లు రాస్తా ఉన్నారు గానీ గట్టు మీది నుంచి కంప్యూటర్ దాకా వచ్చే దారిలో ఏం జరిగిందో అది చెప్పలేదు.

ఏఐ వచ్చాక మనుషులేం చేస్తున్నారు అనేది ఇంకో వరస రీసెర్చ్. 2022లో కామర్‌ఫోర్డ్, ఆయన టీమ్ ఆడిటర్ల మీద ఒక ప్రయోగం చేశారు. క్లయింట్ వేసుకున్న అంచనా తప్పు అని ఒకే ఆధారం, కొందరికి మనిషి నిపుణుడు చెప్పినట్టు ఇచ్చారు, కొందరికి ఏఐ చెప్పినట్టు. ఏఐ చెప్పినప్పుడు ఆడిటర్లు క్లయింట్‌ని సరిచేయమని అడిగిన మొత్తం చిన్నది. మెషీన్ మాటకి మనిషి నిపుణుడి మాటంత బరువు ఇవ్వలేదన్నమాట. చెరువు విషయానికి తెచ్చి చూస్తే, ఇరవై ఏళ్లుగా సాగు చేస్తా ఉన్న యజమాని ఎదురుగా కూర్చుని, మా సాఫ్ట్‌వేర్ మీ సర్వైవల్ 60 అంటోంది సార్ అని చెప్పగలిగే కుర్ర ఆడిటర్ ఎవరు?

ఆ కుర్ర ఆడిటర్ల సంగతి కూడా చూసిన స్టడీ ఉంది. ఫెడిక్, ఆమె తోటివాళ్లు అమెరికాలో 36 పెద్ద ఆడిట్ సంస్థల ఉద్యోగుల రెజ్యూమెలు పట్టుకుని ఏ సంస్థ ఏఐ మనుషుల్ని ఎంతమందిని తీసుకుందో చూశారు. ఏఐ మీద ఎక్కువ పెట్టిన చోట తర్వాత లెక్కలు సవరించుకోవాల్సి రావడం 5 శాతం తగ్గింది, ఫీజులు 0.9 శాతం తగ్గాయి, ఆడిట్ ఉద్యోగులు మూడేళ్లకి 3.6 శాతం, నాలుగేళ్లకి 7.1 శాతం తగ్గారు, ఆ తగ్గింది కూడా కింది మెట్ల వాళ్లే. ఒంగోలు, నెల్లూరు, కావలి ఆఫీసుల్లో ఆర్టికల్స్ (సీఏ చదువులో ఆఫీసు ట్రైనింగ్) చేసే పిల్లలు మొదటి ఏడాది చేసేది వోచర్లు టిక్ పెట్టడం, బ్యాంక్ రికన్సిలియేషన్, జీఎస్టీ మ్యాచింగ్, మెషీన్ ముందు తినేది సరిగ్గా ఆ పనిని. 2023 జులై నుంచి ఆర్టికల్‌షిప్ కూడా మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది. మామూలు వోచర్లు వేలకొద్దీ చూసి ఉంటేనే తేడా వోచర్ కంటికి తగులుతుంది, ఆ అనుభవం ఇక ఎక్కడ వస్తుంది అనేదానికి ఇంకా ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. చాట్‌జీపీటీ కొత్తగా వచ్చినప్పుడు 327 మంది కలిసి రాసిన ఒక పేపర్‌లో అకౌంటింగ్ పరీక్షల్లో దానికి 47.4 శాతం, విద్యార్థులకి సగటున 76.7 శాతం వచ్చాయి. దాని తర్వాత వచ్చిన మోడల్ ఏడాది తిరక్కుండానే సీపీఏ (అమెరికాలో మన సీఏ లాంటిది) పరీక్షలు పాసయింది, కాబట్టి పాత అంకె చూసి ధైర్యం తెచ్చుకోవడానికి లేదు.

ఈ స్టడీలన్నిట్లో ఒక లోటుంది. డేటా ఎక్కువ భాగం అమెరికా లిస్టెడ్ కంపెనీలది, లేకపోతే పెద్ద ఆడిట్ సంస్థలది. మన రెండు జిల్లాల్లో రొయ్యలు, పొగాకు, గ్రానైట్, బియ్యం వ్యాపారాల్లో చాలావరకు పార్ట్‌నర్‌షిప్‌లు, సొంత పేరు మీద నడిచేవి, వాటి బ్యాలెన్స్ షీట్లు ఎక్కడా పబ్లిష్ కావు, రీసెర్చర్ కంటికి అవి లేనట్టే. పొగాకుకైతే కొంత నయం, టంగుటూరులోనో పొదిలిలోనో టొబాకో బోర్డు వేలంలో ప్రతి బేలుకీ బరువు, గ్రేడు, రేటు, కొన్నవాడి పేరు రికార్డవుతాయి, ఎవరు ఎన్ని కేజీలు కొన్నారన్నది వాళ్ల సొంత పుస్తకాలతో పనిలేకుండా తెలుస్తుంది. రొయ్యకి అట్టాంటి వేలం లేదు, గట్టు మీదే బేరం, గట్టు మీదే తూకం.

మేత సంగతి కూడా పైన చెప్పినంత సులువు కాదు. రొయ్యల మేతకి జీఎస్టీ లేదు, అందుకని ఈ-ఇన్‌వాయిస్ పుట్టదు, ప్రభుత్వ పోర్టల్లో చూసుకునే వీలుండదు. ఎన్ని బస్తాలు పోయాయో తెలిసింది డీలర్‌కి. చాలా చోట్ల ఆ డీలరే మేత అప్పు మీద ఇస్తాడు, పంట పట్టినప్పుడు సరుకు కొనేదీ ఆయనో, ఆయన మనిషో. బస్తాల అంకె ఎంత చెప్పాలనేదాంట్లో ఆయనకీ లాభనష్టాలు ఉంటాయి కాబట్టి ఆ కన్ఫర్మేషన్ సత్యం బ్యాంక్ లెటర్ల కన్నా ఎంత మేలు అనేది ఆలోచించాలి. ఇక మిగిలింది డిస్కం (కరెంటు సరఫరా చేసే సంస్థ) మీటర్. ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయో యూనిట్లలో కనపడుతుంది, చెరువులో రొయ్య బరువు పెరిగే కొద్దీ ఏరేటర్ల గంటలూ పెరగాలి, ఆ రీడింగ్ తీసేది యజమానీ కాదు డీలరూ కాదు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద నడిపిన గంటలు మాత్రం అందులోకి రావు, వాటికి మళ్లీ డీజిల్ బిల్లులే చూసుకోవాలి.